దోమ్నా అడిగిన నూనె

పార్థేనా కాఫీ కప్పులో పోసుకున్న ఆలివ్ నూనెలో వేళ్ళు ముంచి అత్తగారి పిక్కల మీద రాస్తోంది. దుప్పటి మోకాళ్ళ పైదాకా మడిచి పెట్టింది. పక్షవాతం వచ్చిన కుడికాలు కదలదు. ఎడమకాలు మాత్రం వేళ్ళు ముడుచుకుంటూ వెనక్కి వెనక్కి పోతోంది. చక్కిలిగింత కాబోలనుకుని పార్థేనా మడమ పట్టుకుని దాన్ని మెల్లిగా ముందుకు లాగింది.

"లాద్నో," అంది దోమ్నా. నోరు ఒక పక్కకి జారిపోయింది కాబట్టి మాట సగం చెంపలోనే ఉండిపోయింది. వెనకాల ఇంకేదో గొణిగింది.

"రాస్తున్నానుగా అత్తయ్యా. ఇదుగో, లాదియే."

గ్రీకులో లాది అంటే నూనె. నాలుక సరిగ్గా తిరగక మాట చివర ఏదో అదనంగా కలుస్తోందని పార్థేనా అనుకుంది. ఆగస్టులో మేరీమాత పండగనాడు గుడి మెట్ల మీద పడిపోయి, ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినప్పటినుంచీ పెద్దావిడ నోట తెలిసేలా వినబడుతున్నది ఈ ఒక్క మాటే. మొదట్లో తినే దాంట్లో నూనె చాలలేదేమోనని సూపులో ఇంకాస్త పోసింది. ఆమె మింగలేదు. తర్వాత దేవుడి పటం ముందు దీపంలో నూనె అయిపోయిందేమో చూసింది. నిండుగా ఉంది. అప్పుడు కాళ్ళకి రాయడం మొదలుపెట్టింది. రాస్తున్నంతసేపూ దోమ్నా ఆ మాటే అంటుంది. ఇంకా కావాలని అడుగుతున్నట్టే ఉంటుంది.

ఒకసారి భర్తని అడిగింది కూడా, మీ ఊరి పెద్దవాళ్ళు లోపల్లోపల మాట్లాడుకునే ఆ మాటలు కావుగదా ఇవి అని. స్తెర్యోస్ నవ్వి, మాటలు కావు, చప్పుళ్ళు, డాక్టరు చెప్పలేదా మాట పోయిందని, అన్నాడు. డాక్టరు అలా అనలేదు. మాట మెల్లిగా రావచ్చన్నాడు. చలి తగలనివ్వొద్దని, ఈ వయసులో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరితే తట్టుకోలేదని అన్నాడు. కానీ స్తెర్యోస్ ఊరందరికీ అమ్మకి మాట పోయిందనే చెప్పాడు. చూడ్డానికి ఎవరూ రావద్దని, ఆవిడకి విశ్రాంతి కావాలని కూడా చెప్పాడు.

ఇప్పుడతను గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఒంటిమీద కొత్త బనీను. నీలం గుడ్డ మీద పసుపు సూర్యుడు, పదహారు కిరణాలు, అలెగ్జాండరు వంశపు గుర్తు. సరిహద్దు అవతలి దేశం మాసిడోనియా అన్న మన పేరు పెట్టుకోకూడదంటూ శనివారం థెస్సలోనికిలో జరిగే ఊరేగింపు కోసం ఊరి సాంస్కృతిక సంఘం అచ్చు వేయించినవి. సంఘానికి అధ్యక్షుడు అతనే.

"మళ్ళీ నూనేనా?"

"అడుగుతోందిగా."

అతను నూనెకి మెరుస్తున్న తల్లి కాళ్ళవంక కాసేపు చూశాడు. తర్వాత కిటికీ దగ్గరకెళ్ళి రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. "గది కంపు కొడుతోంది. శుక్రవారం టీవీ వాళ్ళొస్తారు. అప్పటికైనా పోవాలి ఈ వాసన."

కొండమీద గాలి గదిలోకి దిగింది. దేశం మొత్తానికి చలి ఎక్కువ మా జిల్లాలోనే అని ఫ్లోరినా వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. సెప్టెంబరొస్తే చాలు, పొద్దున్నపూట రాతిగోడలు చెమ్మగిల్లుతాయి. దోమ్నా ఈసారి కొంచెం గట్టిగా అంది ఆ మాట. కొడుకు వైపు చూసి అంది.

"అయిపోవచ్చిందత్తయ్యా," అని పార్థేనా రెండో కాలు అందుకుంది.

స్తెర్యోస్ వంటింట్లోకెళ్ళి రొట్టె, మేక జున్ను, నిన్న కాల్చిన మిరపకాయలు ముందు పెట్టుకుని తినసాగాడు. నోట్లో ముద్ద ఉండగానే శుక్రవారం సంగతంతా చెప్పాడు. అమ్మకి పాత పెళ్ళినాటి దుస్తులు వేయాలి. పెట్టెలోంచి తీసి ఎండలో ఆరెయ్యాలి. మంచం తల దగ్గర జెండా పెట్టాలి. ఎనభై దాటిన మాసిడోనియా తల్లి, మాట పోయినా కళ్ళతోనే దేశాన్ని అడుగుతోంది, ఈ పేరు ఎవరికిచ్చేస్తున్నారని. ఇదీ అతను అనుకున్న వరస. చెబుతుంటే అతని కళ్ళు నిజంగానే తడయ్యాయి. గడ్డం మీద జున్ను ముక్క అంటుకుని ఉంది. అది ఎప్పుడు రాలుతుందా అని పార్థేనా చూస్తూ కూచుంది. రాల్లేదు.

*

ఆ వారమంతా ఊళ్ళో మిరపకాయలు కాలుతున్న వాసనే. కారం లేని పొడవాటి ఎర్ర మిరపకాయలు. రేకు పొయ్యి మీద పేర్చి, తొక్క నల్లగా పొంగేదాకా తిప్పి, మూతపెట్టి, చల్లారకముందే ఒలిచెయ్యాలి. చల్లారితే తొక్క కండని పట్టుకుని ఊడిరాదు. నీళ్ళలో ముంచి ఒలిస్తే తేలిక. కానీ నీళ్ళు తగిలిన మిరపకాయకి రుచి ఉండదని దోమ్నా ఒప్పుకునేది కాదు. ఇప్పుడావిడ చూడ్డం లేదు. అయినా పార్థేనా పొడిచేతులతోనే ఒలుస్తోంది.

పొయ్యి దగ్గర్నుంచి చూస్తే సంఘం గది ముందు సందడి కనబడుతుంది. బడి పిల్లలకి అట్టముక్కలతో డాళ్ళు చేయిస్తున్నారు. ఒక్కో డాలు మీదా అదే సూర్యుడు. కాఫీ కొట్టు అరుగు మీద ముసలాళ్ళు జోకులేసుకుంటున్నారు. అలెగ్జాండరు ఇప్పుడు బతికొస్తే సరిహద్దు గేటు దగ్గర రెండువైపుల పోలీసులూ పాస్‌పోర్టు అడుగుతారనీ, గుర్రాన్ని ఎటూ పోనివ్వక మధ్యలో మేపుకోమంటారనీ ఒకాయన అన్నాడు. స్తెర్యోస్ అటుగా రాగానే ఆ నవ్వు ఆగిపోయి, శనివారం బస్సు ఎన్నింటికని అడగడంలోకి మారింది. ఆ అడిగినవాళ్ళలో సగంమంది ఇంట్లో గొంతు తగ్గించి ఏం మాట్లాడుకుంటారో పార్థేనాకి తెలుసు. అంటే, ఏదో మాట్లాడుకుంటారని తెలుసు. సరిహద్దు అవతల మాట్లాడేదీ దాదాపు అదేనంటారు, కానీ ఆ భాషకి ఊళ్ళో పేరు లేదు. 'మనది' అంటారంతే. ఆమె ఎదురైతే అదీ ఆపేస్తారు. ఆమెది మైదానంలో ఊరు. తాతలు నల్లసముద్రం అవతలనుంచి ఓడలో వచ్చినవాళ్ళు. ఇక్కడివాళ్ళ లెక్కలో ఇప్పటికీ పరాయిపిల్లే.

మధ్యాహ్నం స్తెర్యోస్ భోజనానికొచ్చి ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. సరిహద్దు అవతలి పట్నంలో ఎవరో తీసిన వీడియో. చౌరస్తాలో ఎత్తు దిమ్మె, దాని మీద గుర్రం, గుర్రం మీద కత్తి ఎత్తిన అలెగ్జాండరు. కింద ఒకడు పిడికిలి బిగించి అరుస్తున్నాడు, మా పేరు ముందు ఇంకో ముక్క తగిలించడానికి మీరెవరు, మేం ఆ రాజు రక్తం, అని. ఛాతీ మీద పదహారు కిరణాల సూర్యుడు.

"చూశావా దొంగవెధవల్ని," అన్నాడు స్తెర్యోస్. "రాజుని కూడా ఎత్తుకుపోయారు. రేపు మీ అత్త పెట్టెలో పరికిణీ కూడా తమదే అంటారు."

పార్థేనా చూసింది. మెడనరాలు, చెమట, కోపం మధ్యలో కనిపించే ఆ తృప్తి. ఫోను గొంతు నొక్కేస్తే వాడెవడో, తన మొగుడెవడో చెప్పడం కష్టం. ఇద్దరికీ ఇంట్లో మంచాన పడ్డ తల్లి ఉందో లేదో. ఉంటే ఆవిడ పక్కబట్టలు ఎవరు మారుస్తున్నారో. ఆమె మాడిన తొక్క అంటుకున్న వేళ్ళని గడప రాయికి రుద్దుకుంది.

"అన్నం తినండి, చల్లారిపోతుంది," అంది.

*

గురువారం స్తెర్యోస్ బస్సుల సంగతి చూడ్డానికి ఫ్లోరినా వెళ్ళాడు. అతని కారు మలుపు తిరిగిందో లేదో పెరటి తలుపు కదిలింది. పక్కింటి సోఫ్కా. కాగితాల్లో సోఫియా, వీధిలో సోఫ్కా. దోమ్నా ఈడుది. చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. చేతిలో ఖాళీ సీసా ఉంది. మూత అప్పు అడగడానికొచ్చానంది. పార్థేనా మూత కోసం చూస్తున్నట్టు నటించింది. సోఫ్కా మూత తీసుకోవడానికి ఆగకుండా నేరుగా గదిలోకెళ్ళింది.

దోమ్నా ఆమెని చూసింది. మంచి చెయ్యి దుప్పటిమీద తడుముకుంది. "లాద్నో మి యే," అంది. ఇన్నాళ్ళలో ఆవిడ అంత తేటగా అనడం పార్థేనా వినడం అదే మొదటిసారి.

"పొద్దున్న రాశాను పిన్నీ, మళ్ళీ అడుగుతోంది," అంటూ పార్థేనా కప్పు అందుకుంది. "ఎంత రాసినా చాలదు ఆవిడకి."

సోఫ్కా కప్పువంకా, ఆమెవంకా మార్చి మార్చి చూసింది. తర్వాత వెళ్ళి కిటికీ మూసింది. తన భుజమ్మీది ఉన్ని శాలువా తీసి దోమ్నా పాదాలకి చుట్టింది. మోకాళ్ళు మంచం కోడుకి ఆనించి, రెండు చేతులతో ఆ పాదాల్ని పట్టుకుని అలాగే నిలబడింది.

"చలేస్తోందమ్మా దానికి," అంది చివరికి. "లాద్నో అంటే చలి. నాకు చలేస్తోంది, అంటోంది."

పార్థేనా చేతిలోని కప్పు ఎక్కడ పెట్టాలో తోచక అలాగే పట్టుకుంది.

"మేం దాన్ని బయట పలకం. నీకెలా తెలుస్తుంది. బళ్ళో వేశాకే మాకు గ్రీకు వచ్చింది, దెబ్బలతో వచ్చింది. తర్వాత వచ్చింది ముందు పోయింది కాబోలు దీనికి. అడుగున ఉన్నది మిగిలింది." సోఫ్కా పాదాలు రుద్దుతూనే ఉంది. "దీనమ్మ ఒకసారి సంతలో మేకని పిలిచింది, మనదాంట్లో. మేకని. ఆ భాష పలికిందని పోలీసులు పట్టుకెళ్ళి ఆముదం తాగించారు. దారిపొడుగునా బట్టలు పాడయ్యి, అలాగే నడిచొచ్చింది. ఇప్పుడు దీని మాటకి ఆలివ్ నూనె. పోనీలే, రోజులు బాగుపడ్డాయి."

ఆమె నవ్వలేదు. పార్థేనా కూడా నవ్వలేదు. నూనె వాసన ఒక్కసారిగా ఆమె ముక్కుకి తగిలింది. దుప్పటిలో, దిండులో, తన గోళ్ళలో, అంతటా అదే. ఆవిడ కాలు వెనక్కి లాక్కున్నప్పుడల్లా మడమ పట్టి ముందుకు లాగింది తనే.

గోరువెచ్చని నీళ్ళతో ఇద్దరూ కలిసి ఆ నూనె తుడిచేశారు. ఉన్ని మేజోళ్ళు తొడిగారు. దోమ్నా సోఫ్కాతో నిదానంగా ఏదో చెప్పింది, సోఫ్కా జవాబిచ్చింది, ఆవిడ మళ్ళీ చెప్పింది. మాట పోయిన మనిషి పావుగంటసేపు మాట్లాడింది. మిరపకాయలు నీళ్ళలో ఒలవడం లేదుగదా అని అడుగుతోందట.

పార్థేనా కొన్ని మాటలు నేర్పమంది. సోఫ్కా నేర్పింది. వొదా అంటే నీళ్ళు. మాయ్కో అంటే అమ్మా. సినే అంటే కొడుకా. మి అంటే నాకు, తి అంటే నీకు. పార్థేనా వాటిని బడిపిల్లలా పెదాలతో తిప్పుకుంది.

"ఆయనకి వచ్చా పిన్నీ ఇది?" అని అడిగింది.

సోఫ్కా సీసాలోకి చూసింది. "పిల్లలకెలా వస్తుందమ్మా. పిల్లల ముందు మేం నోరు కట్టేసుకున్నాం," అంది. మూత తీసుకోకుండానే పెరటి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. "నేను చెప్పానని మాత్రం అనకు."

*

సాయంత్రం స్తెర్యోస్ వచ్చేసరికి కిటికీ మూసి ఉంది. దోమ్నా రెండు కంబళ్ళ కింద, కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సంచీతో, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. బుగ్గల్లోకి కాస్త రంగొచ్చింది.

"ఇదేమిటి, మంచు పడుతోందా సెప్టెంబర్లో?" అన్నాడతను.

"చలేస్తోందేమో అనిపించింది."

"చెప్పిందా నీతో?" అని నవ్వాడు. నవ్వుతూ ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపు అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగింది.

పార్థేనా ప్లేట్లు సర్దుతూ, మామూలు మాటలా, మీకు ఆ భాష ఏమన్నా వచ్చా అని అడిగింది. నాలుగు బూతులొచ్చు, అవి ఈ ఊళ్ళో కుక్కలకీ వచ్చు అన్నాడు. మా ఇంట్లో ఎప్పుడూ గ్రీకే, మా అమ్మ నాతో ఇంకో ముక్క మాట్లాడి ఎరగదు అన్నాడు. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, పార్థేనాకి జాలేసింది. కన్నతల్లి ఏమంటోందో తెలియని కొడుకు. చెప్పేద్దామనుకుంది. కానీ సోఫ్కా గుర్తొచ్చింది. రేపు టీవీ వాళ్ళు వెళ్ళాక, ఊరేగింపు గొడవ అయ్యాక, నిదానంగా కూచోబెట్టి చెప్పాలనుకుంది. అతను కంబళి ఒకటి తీసి మడతపెట్టి కుర్చీమీద వేశాడు. ఉక్కపోస్తుంది పాపం అన్నాడు. అతను హాల్లోకి వెళ్ళాక ఆమె దాన్ని మళ్ళీ కప్పింది.

*

టీవీ వాళ్ళు ఇద్దరే. దనాయీ అనే అమ్మాయి, ఆమె వెంట కెమెరా అతను. అమ్మాయి మర్యాదస్తురాలు. గుమ్మంలో బూట్లు తుడుచుకుని, అమ్మమ్మగారికి ఇబ్బంది లేకుండా తొందరగా ముగించేస్తామంది.

దోమ్నాకి అప్పటికే ముస్తాబయింది. పెట్టెలోని నల్ల ఉన్నికోటు చిమ్మటలు కొట్టి జల్లెడైపోయింది. కాబట్టి పైకోటు లేకుండా నారబట్ట చొక్కా ఒక్కటే తొడిగారు. అంచులకి ఎర్ర కుట్టుపని, ఛాతీ మీద వరసలుగా వెండి బిళ్ళలు. బిళ్ళలు చర్మానికి తగిలినప్పుడు ఆవిడ ఒళ్ళు ఒక్కసారి జలదరించడం పార్థేనా చూసింది. కంబళ్ళు వద్దన్నాడు స్తెర్యోస్, కుట్టుపని కనబడదని. మేజోళ్ళు ఊడదీయించాడు, అవి చైనా మేజోళ్ళని. లైటు వేడికి గది కాస్త వెచ్చబడుతుందనుకుంది పార్థేనా. ఆ లైటుకి వెలుతురే గాని వేడి లేదు. పైగా కెమెరా అతను కొండ కనబడాలని కిటికీ తెరిపించాడు.

స్తెర్యోస్ మంచం పక్కన నిలబడి చెప్పాడు. పార్థేనా ఎప్పుడూ వినని గొంతు అది, గుడిలో పాఠం చదివేవాడి గొంతు. రెండువేల మూడువందల ఏళ్ళుగా ఈ మట్టిలో ఈ ఒక్క భాషే మొలిచిందన్నాడు. అలెగ్జాండరు తన గుర్రంతో ఏ మాట మాట్లాడాడో, ఈ తల్లులు ఉయ్యాల దగ్గర ఆ మాటే మాట్లాడారన్నాడు. భాషకి దొంగతనం తెలియదనీ, మనుషులకే తెలుసనీ అన్నాడు. దనాయీ తల ఊపుతోంది. ఆ అమ్మాయి దాన్ని నమ్ముతోందో, బాగా వస్తోందని సంతోషిస్తోందో తెలియదు.

"లాద్నో," అంది దోమ్నా.

అందరూ అటు తిరిగారు. ఆవిడ కొడుకునే చూస్తోంది. "లాద్నో మి యే."

"ఏమంటున్నారు?" అంది దనాయీ. "మాట పోయిందన్నారుగా."

స్తెర్యోస్ క్షణం ఆగాడు. తర్వాత తల్లి నుదుటి మీద చెయ్యి వేశాడు. "ఒక్క మాటే మిగిలిందండీ ఆవిడకి. లాది. నూనె. దేవుడి దీపంలోకి నూనె అడుగుతోంది. కాళ్ళూ చేతులూ పోయాయి, ప్రపంచం పోయింది, దీపం ఆరకూడదనే ఒక్క చింత మాత్రం పోలేదు."

దనాయీ చేత్తో నోరు కప్పుకుంది. కెమెరా మెల్లిగా దీపం వైపు తిరిగింది.

పార్థేనా గోడ పక్కన నిలబడి ఉంది. ఇది నేను చేసిన పనే, అనుకుంది. నూనె అని మొదట అన్నది తనే. ఆ మాట పట్టుకునే పాపం ఇతను ఇంత కట్టాడు. ముందే చెప్పాల్సింది. ఇప్పుడైనా ఆ ముసలావిడ ఏమంటోందో అందరి ముందూ తేల్చాలి. ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు, ఆవిడనే అడిగితే సరిపోతుంది.

ఆమె కుర్చీమీది కంబళి తీసుకుని మంచం దగ్గరకెళ్ళింది. వంగి, నిన్న నేర్చుకున్నది జాగ్రత్తగా పలికింది. "లాద్నో మి యే, మాయ్కో?"

స్తెర్యోస్ అప్పుడు వీపు ఇటు పెట్టి, గాలికి ముడతపడ్డ జెండాని సరిచేస్తున్నాడు.

"మి కాదు, తి," అన్నాడు.

వెనక్కి కూడా తిరగలేదు. ఎక్కం తప్పు చెప్పిన పిల్లని దిద్దినట్టు, ఆలోచన లేకుండా అన్నాడు. నీకు అనాల్సిన చోట నాకు అంది పార్థేనా. ఆ తప్పు చెవిని పడగానే నాలుక దానంతటదే దిద్దింది. తల్లిపాలతో వచ్చిన భాష అలా దిద్దుతుంది.

జెండా మడత మీద అతని చెయ్యి ఆగిపోయింది.

పార్థేనా అతని వీపు చూస్తోంది. బనీను వెనకాల కూడా సూర్యుడున్నాడు. అతను గుమ్మంలో నిలబడిన పొద్దున్నలన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. నాకు చలేస్తోంది అని తల్లి అంటుంటే ఆ మాట పూర్తిగా అర్థమై, వెళ్ళి కిటికీ తెరవడం. నూనె పూసిన చల్లటి చేతులతో కోడలు ఆవిడ కాళ్ళు బయటికి లాగుతుంటే చూస్తూ, మళ్ళీ నూనేనా అనడం. రాత్రి నవ్వుతూ కంబళి మడతపెట్టడం. గడ్డం మీద ఆ జున్ను ముక్క. ఈ మనిషి తాగిన గ్లాసుతో ఇన్నేళ్ళూ నీళ్ళు తాగింది తను.

"అది ఏ భాషండీ?" అంది దనాయీ.

"ఊరి యాస," అన్నాడు స్తెర్యోస్ గొంతు సవరించుకుని. "ముసలాళ్ళ మాటలు. ఇంట్లో సరదాకి."

దనాయీ కెమెరా అతని వంక చూసింది. అతను భుజాలెగరేశాడు. ఆ అమ్మాయికి ఎంత అర్థమైందో గాని, పని మాత్రం తెలుసు. "పర్లేదు, ఆ ముక్క తీసేస్తాం. దీపం నూనె దగ్గర్నుంచి మళ్ళీ చెప్పండి. చాలా బాగా వచ్చింది అది."

అతను మళ్ళీ చెప్పాడు. నుదుటి మీద మళ్ళీ చెయ్యి వేశాడు. కాళ్ళూ చేతులూ పోయాయి, ప్రపంచం పోయింది. మొదటిసారి కంటే బాగా చెప్పాడు. చింత అన్నచోట గొంతు వణికించాడు కూడా. భార్య రెండడుగుల దూరంలో నిలబడి తన నోటివంకే చూస్తోందని తెలిసి చెప్పాడు.

ఈలోగా పార్థేనా కంబళి కప్పేసింది. మెడదాకా లాగి, పక్కలు పరుపు కిందకి దోపింది. వెండి బిళ్ళలూ, ఎర్ర కుట్టుపనీ, అన్నీ లోపలికి పోయాయి.

"అయ్యో, దుస్తులు కనబడటం లేదండీ," అంది దనాయీ నొచ్చుకుంటూ. "ఒక్క నిమిషం అది తీయగలరా?"

"తియ్యి," అన్నాడు స్తెర్యోస్.

పార్థేనా కదల్లేదు. చేతులు ముందుకి కట్టుకుని నిలబడింది.

"పార్థేనా. తియ్యమన్నానా."

ఆమె అతనివైపు చూడను కూడా లేదు. కెమెరా అతను లైటు సర్దుతున్నట్టు తల దించుకున్నాడు. స్తెర్యోస్ పళ్ళ మధ్యనుంచి ఏదో గొణిగి, తనే వచ్చి కంబళి అంచు పట్టుకున్నాడు. దోపిన పక్కలు ఊడాయి. లాగాడు. సగం దాకా వచ్చి ఆగింది. దోమ్నా మంచి చెయ్యి రెండో అంచుని పట్టుకుని ఉంది.

ఆవిడ కొడుకు ముఖంలోకి చూసింది. కంబళిని తనవైపు లాక్కుంటున్న ఆ చేతిని చూసింది. ఆవిడ నుదురు ముడిపడింది. కోపంతో కాదు, బడి నుంచి తడిసొచ్చిన పిల్లాణ్ణి చూసినప్పుడు ముడిపడినట్టు. తర్వాత తన పట్టు వదిలేసి, ఆ వేళ్ళతోనే కంబళిని అతనివైపుకి తోసింది. ఇంకా కొంచెం తోసింది.

"లాద్నో తి యే, సినే?"

పార్థేనాకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ప్రతి ముక్కా తెలుసు. 'తి' సంగతి ఇప్పుడే అతను దిద్దాడు. నీకు చలేస్తోందా, కొడుకా?

"ఏమంటున్నారు?" అని దనాయీ మైకు అతని దగ్గరగా పెట్టింది. "ఇప్పుడేమన్నారు?"

స్తెర్యోస్ చేతిలో కంబళి ఉంది. తల్లి ఇంకా జవాబు కోసం చూస్తోంది. అతని పెదాలు ఒకసారి విడివడ్డాయి, మూసుకున్నాయి. కంబళిని మంచం మీద పెట్టాడు. కప్పలేదు, పెట్టాడంతే. మైకుని పక్కకి తప్పించి, కెమెరా తీగ దాటి, వాకిలి తలుపు తీసుకుని, ఏ భాషలోనూ ఒక్క మాట అనకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.